కుర్రకారు ఓటు

వార్డు ఎన్నికల్లో నిలబడ్డ హర్షవర్ధన్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. ‘యువత గొంతు’ అని పోస్టర్లు వేయించాడు, పాట కట్టించాడు, రీల్సు కూడా చేశాడు. అయినా కొండపల్లి కుర్రకారంతా అతనికి పోటీగా నిలబడ్డ, అరవై దాటిన ఇడ్లీబండి తెరేసమ్మ వెనకే తిరుగుతోంది.

సంగతేమిటో తేల్చుకుందామని పొద్దున్నే బస్టాపుకెళ్ళి, ఒక కాలేజీ అమ్మాయిని పట్టుకున్నాడు.

“ఏమ్మా, నేను మీ ఈడువాణ్ణే కదా! జిమ్ము పెట్టిస్తానన్నాను, వైఫై ఇస్తానన్నాను. ఆవిడేం ఇస్తానంది?”

“ఏమీ ఇస్తాననలేదండీ. మీకేం కావాలర్రా అనడిగింది. బెజవాడ బస్సు ఇక్కడ ఆగట్లేదు మామ్మా, క్లాసులు పోతున్నాయి అన్నాం. మర్నాడే వచ్చి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. చచ్చినట్టు ఆగిందండీ!”

“అయితే మీ సమస్య తీరిపోయినట్టేగా?”

“ఎక్కడండీ! ఆవిడ కనబడితేనే ఆగుద్ది. అందుకే రోజూ బండి వదిలేసి వస్తంది. అదుగో!”

తెరేసమ్మ చేతిలో గరిటెతోనే రోడ్డు మధ్యకి నడిచింది. బస్సు కీచుమంటూ ఆగింది. పిల్లలందరూ ఎగబడ్డారు.

“ఓడిపోయినా రోజూ వచ్చి ఆపుతానందండీ!” అంటూ ఆ అమ్మాయీ పరుగెత్తింది.

హర్షవర్ధన్‌కి ప్రాణం లేచొచ్చింది. “ఓడినా ఆవిడ ఆపేటప్పుడు ఇంక మీ ఓట్లెందుకమ్మా?” అని వెనకనుంచి అరిచాడు.

అమ్మాయి ఫుట్‌బోర్డు మీదనుంచి వెనక్కి తిరిగింది.

“మామ్మకి మోకాళ్ళ నొప్పులండీ. గెలిస్తే ఆఫీసర్లతో చెప్పి ఆపిస్తది. తను కాసేపు కూర్చుంటది.”