రాతి వంతెనకు పునర్జన్మ

వెంకట్రాం కారు దిగి, చెప్పులు విడిచి, కూలిన వంతెనకు దండం పెట్టాడు. వెంట వచ్చినవాళ్లు ఫోన్లు తీసి ఫొటోలు పట్టారు. సరిగా రాలేదంటే మళ్లీ పెట్టాడు.

"కాకతీయుల కాలం నాటిది. గిట్ల చూస్తుంటే నా పానం తల్లడిల్లుతది," అన్నాడు.

చిట్యాల మండలంలోని ఆ వాగు మీద రాతి వంతెన నడిమి కమాను ఎప్పుడో పడిపోయింది. అవతలి ఒడ్డు వాడవాళ్లు ఆ ఖాళీ మీద తాటిమొద్దులు పరుచుకుని నడుస్తున్నారు. మణెమ్మ కోడలు షారోన్ రోజూ ఆ మొద్దుల మీదుగానే దవాఖానలో నర్సు పనికి పోతుంది. ఇప్పుడామెకు ఆరో నెల.

"నిజంగ బాగుచేస్తవా పటేలా?" అడిగింది మణెమ్మ.

"రాయి మీద రాయి పేర్చి, ఎట్లుండెనో అట్లనే నిలబెడ్త అవ్వా. కాకపోతే పడ్డ రాళ్లన్నీ కావాలె. ఎవరెవరి ఇండ్లల్లనో ఉన్నయి."

మణెమ్మ ఇంటికి పోయి, తన బట్టలుతికే బండను కొడుకుతో పెకిలించి తెచ్చింది. తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. ఇవ్వబోమన్నవాళ్ల వాకిట్లో కూర్చుంది. ఇంటి ముందరి మెట్టు ఇచ్చేది లేదని బక్కయ్య మొండికేశాడు.

"నా కోడలు వాగుల పడితె తెచ్చి నీ మెట్టు మీద పండవెట్టాల్నా?" అంది.

సాయంత్రానికి మెట్టు వచ్చింది.

లారీలు వచ్చాయి. నిలిచి ఉన్న కమాన్లను కూడా విప్పారు. ఒక్కో రాయి మీద తెల్లరంగుతో అంకె వేసి, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి లారీల్లో పెట్టారు. రాళ్లను కడగాలట, నాచు తీయాలట, బెల్లం, కరక్కాయ కలిపిన సున్నంతోనే పేర్చాలట. వెంకట్రాం సిమెంటు మాట వింటేనే చెవులు మూసుకునేవాడు.

తాటిమొద్దులూ పోయాయి. వానలు మొదలైనప్పటి నుంచి కాన్పు దాకా షారోన్ ఒక చేత్తో చెప్పులు, ఒక చేత్తో మొగుడి భుజం పట్టుకుని నడుము లోతు నీళ్లలో దాటింది. ఒకసారి కాలు జారింది. ఆ రాత్రి మణెమ్మకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే ఫోన్ చేసింది.

"ఇంకెన్నొద్దులు పటేలా?"

"పాతకాలం పని అవ్వా. జర ఓపిక పట్టాలె. కాకతీయులు తొందరపడ్డరా?"

దసరా దాటాక ప్రారంభోత్సవం పెట్టాడు. మణెమ్మకూ షారోన్‌కూ ఏకంగా కారే పంపించాడు. అప్పటికి షారోన్ ఒడిలో నెలల బిడ్డ.

వంతెన మెరిసిపోతోంది. మూడు కమాన్లూ నిలబడ్డాయి. బంతిపూల దండలు, రంగు లైట్లు. వెంకట్రాం మైకు అందుకున్నాడు. కాకతీయుల దగ్గర ఒకసారి, మణెమ్మ దగ్గర ఒకసారి ఆయన గొంతు జీరబోయింది.

"మొదటి రాయి ఇచ్చిన తల్లి," అంటూ శాలువా కప్పి, కత్తెర చేతికిచ్చాడు.

మణెమ్మ చుట్టూ చూసింది. రిబ్బను కత్తిరించింది. చప్పట్లు మోగాయి.

"నడువవ్వా, మొదలు నువ్వే దాటాలె," అన్నాడు వెంకట్రాం.

ఆమె మెల్లగా నడిచి, నడిమి కమాను మీద ఆగి, పిట్టగోడ పట్టుకుని కిందికి వంగి చూసింది.

కింద, వాగుకు ఎన్నో మైళ్ల దూరాన, రఘునాథపల్లి హైవే పక్కన వెంకట్రాం కొత్తగా తెరిచిన రిసార్టు ఈతకొలనులో, హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు గాలి ట్యూబుల మీద తేలుతున్నారు.