స్నానాల వరస

పొద్దున్నే ఆకాశం నేలకి దిగినట్టు మొదలైన మంచు సాయంత్రానికీ వదల్లేదు. ఆ మంచులోనే కట్టెలు కొట్టి స్నానాల తొట్టి కింద పొయ్యి రాజేసిన టోకుజో, తన వంతు రాగానే తొట్టి మూత తీసి కేక పెట్టాడు.

"చుక్క నీళ్ళు లేవు! బిరడా లాగిందెవరు?"

ఇంట్లోవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అప్పటికి స్నానం చేసింది, అతిథని మొదటి వంతు ఇచ్చిన రోసియో ఒక్కతే. పెరూ నుంచి చదువుకోడానికి వచ్చి, జపాన్ పల్లె బతుకు చూద్దామని ఈ ఇంట్లో దిగిన పిల్ల.

"నేను కాదు తాతగారూ. తొట్టి బయటే ఒళ్ళు రుద్దుకుని, తొట్టిలో మునిగి లేచి, మూత పెట్టి వచ్చాను."

"మరి నీళ్ళు నడిచి పోయాయా? బిరడా అడుగున ఉంది. భుజందాకా చెయ్యి ముంచితే గానీ అందదు. కింద నిప్పు మండుతోంది, ఇంకాసేపైతే తొట్టి పగిలేది! ఆ నీళ్ళలోనే ఇంటిల్లిపాదీ మునగాలని తెలీదూ? సంచి సర్దుకో. రేపు పొద్దున బస్సెక్కిస్తా."

రోసియో కళ్ళు నిండాయి.

కోడలు చినాత్సు ముందుకొచ్చి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకునే వంగి వేడుకుంది. "మామయ్యా, వాళ్ళ దేశంలో ఎవరి నీళ్ళు వాళ్ళు పారబోసుకుంటారట. అలవాటు, పాపం. నేను నేర్పిస్తాను. ఈసారికి వదిలెయ్యండి."

టోకుజో గుర్రుమన్నాడు. "అయితే నీళ్ళు ఈ పిల్లే నింపాలి. ఇంకోసారి జరగనీ, చెబుతా."

రోసియో నింపింది. నీళ్ళు కాగేసరికి చీకటి పడింది.

"నాకేం వద్దు స్నానం," అన్నాడు టోకుజో. కోపమొస్తే అన్నం తప్ప అన్నీ మానేస్తాడాయన.

"మీరు మునగందే నేనెలా మునుగుతానండీ?" అంది భార్య ఫుసాఎ. కోడలివైపు తిరిగింది. "కాగిన నీళ్ళు వదిలేస్తే కట్టెలు దండగ. నువ్వు పోవే."

పెళ్ళయిన నాటినుంచీ అందరి వెనకా, చల్లారిన మురికినీళ్ళలో మునిగే చినాత్సు తలవంచుకుని వెళ్ళింది. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చినప్పుడు మొహం పండిన టమాటాలా ఉంది.

భోజనాల దగ్గర చినాత్సు పెద్ద చేపముక్క ఏరి రోసియో గిన్నెలో పెట్టింది.

కుంపటి నిప్పులో ఏదో 'చుయ్' మంది. రోసియో తలెత్తింది. కుంపటి పైన దండెం మీద చినాత్సు దూదికోటు ఆరేసి ఉంది. దాని కుడిచెయ్యి ఒక్కటే, భుజందాకా తడిసి, నీళ్ళు కారుతోంది.