చెప్పమన్న మాట

“వరస తప్పొద్దండీ. అమ్మగారి దర్శనం అందరికీ దొరుకుతుంది,” అంటున్నాడు పార్టీ కుర్రాడు సతీష్ గుమ్మం దగ్గర నిలబడి.

దర్శనమట. చాపమీద గోడకానుకుని కూర్చున్న రాజ్యలక్ష్మికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

భర్త పాండురంగారావు పోయి నాలుగు రోజులు. మూడుసార్లు జడ్పీటీసీగా గెలిచిన మనిషి. గాలివానకు రాలిన మామిడికాయలు చూసొద్దామని పొద్దున్నే ఆగిరిపల్లి తోటలకు వెళ్ళాడు. పదకొండింటికి గుండె ఆగిపోయింది. అంతే.

అప్పటినుంచీ నూజివీడులో ఆ ఇంటికి జనం వస్తూనే ఉన్నారు. ఉంగుటూరు నుంచి వచ్చారు, బాపులపాడు నుంచి ట్రాక్టర్లు కట్టుకుని మరీ వచ్చారు. వచ్చిన ప్రతి నాయకుణ్ణీ ఆవిడ ఒకటే అడుగుతోంది.

“చివర్లో ఏమన్నా అన్నారా?”

ఆ పొద్దున మొగుడూ పెళ్ళాలకు మాటా మాటా వచ్చింది మరి. ఈసారి పోటీ చెయ్యొద్దని ఆవిడ, చేసి తీరతానని ఆయన. పెట్టిన కాఫీ ముట్టకుండా, ఆవిడ ముఖం చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ కోపంతోనే పోయాడా? అదొక్కటి తెలిస్తే చాలు ఆవిడకి.

“నా చేతుల్లోనే పోయాడు చెల్లెమ్మా,” అన్నాడు ఒక నాయకుడు. “పార్టీ జాగ్రత్త అన్నాడు.”

“నా చెయ్యి పట్టుకుని, రైతుల్ని వదలొద్దన్నాడమ్మా,” అన్నాడు ఆ వెనకాలాయన.

పక్కనే కూర్చున్న ఆడపడుచు కల్యాణి గొణిగింది. “ఎంతమంది చేతుల్లో పోయాడు వదినా మా అన్నయ్య?”

రాజ్యలక్ష్మి ఆయనతో ముప్పై ఏళ్ళు కాపురం చేసింది. అవి ఆయన మాటలు కావని ఆవిడకు ఒకరు చెప్పాలా?

వరసలో ఒక కూలిమనిషి ఉంది. మామిడి సొన కారి చేతులనిండా నల్లటి మచ్చలు. ఎనిమిదింటికే వచ్చింది. కారు దిగినవాళ్ళు వచ్చినప్పుడల్లా సతీష్ ఆమెను వెనక్కి జరుపుతున్నాడు. ఆమె మాత్రం పాఠం వల్లెవేసే పిల్లలా పెదాలు కదుపుకుంటూ నిలబడే ఉంది.

“ఏ ఊరు నీది?”

“తోటలోంచి వచ్చానండి. అమ్మగారితో ఒక్క మాట.”

“అందరిదీ ఒక్క మాటే. నిలబడు.”

పన్నెండింటికి ఆమె వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే వీధిలో కార్ల హారన్లు మోగాయి. మంత్రిగారు.

“తొందరగా కానియ్యి,” అని భుజం మీద తట్టాడు సతీష్.

ఆమెకు కంగారు పుట్టింది. రాజ్యలక్ష్మి ముందు మోకాళ్ళమీద కూర్చుంది. నోరు తెరిచింది, మూసింది. ఏదో మింగినట్టు గుటకేసి మళ్ళీ తెరిచింది.

“అమ్మగారూ... వెళ్ళొస్తా...”

గదిలో అందరూ గతుక్కుమన్నారు.

చావింట ఆ మాట అంటారా ఎవరైనా? పరామర్శకు వచ్చినవాళ్ళు చెప్పాపెట్టకుండా లేచిపోవాలి. మళ్ళీ వస్తానంటే, ఇంకో చావుకు వస్తానన్నట్టే.

“ఏం మనిషివే నువ్వు?” అంది కల్యాణి. “ఇంకెవర్ని పంపించాలని మళ్ళీ వస్తావు?”

“అది కాదండి, అది...”

“లే ముందు. బయట మంత్రిగారు,” సతీష్ రెక్క పట్టుకున్నాడు.

ఆమె రాజ్యలక్ష్మి కళ్ళలోకే చూసింది, ఆగమంటుందేమోనని.

రాజ్యలక్ష్మి ముఖం తిప్పుకుంది. “పంపించెయ్యండి,” అంది.

మంత్రిగారు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. మీవారి ఆఖరి మాట కూడా ప్రజల గురించేనమ్మా అని చెప్పి వెళ్ళారు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆగిరిపల్లి తోట కావలివాడు హనుమయ్య వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

“ఆ జనంలో మా బోటివాళ్ళం రాలేకపోయామండి, అమ్మగారూ.”

“ఆ రోజు నువ్వు అక్కడున్నావా హనుమయ్యా?”

“నేనూ, కాయ కోతకొచ్చిన కనకమ్మా. మేమిద్దరమేనండి. నాయకులెవరూ లేరు.”

“ఎవరూ లేరా?”

“లేరండి. అయ్యగారు చెట్టుకింద కూలబడగానే బండి కోసం నేను రోడ్డుమీదికి పరిగెత్తాను. వచ్చేసరికి కనకమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసురుతోంది. అప్పటికే అయిపోయిందండి.”

రాజ్యలక్ష్మి గుమ్మం పట్టుకుంది. “ఆమెతో ఏమన్నా అన్నారా?”

“మీకు చెప్పమని ఒకే ఒక్క మాటండి. మంత్రిగారొచ్చిన రోజున బస్సెక్కి వచ్చింది కదండీ. చెప్పలేదా?”

“నాకెవరూ ఏమీ చెప్పలేదు. ఆమెను తీసుకురా హనుమయ్యా.”

“కోత అయిపోయిందండి. ఆ సాయంత్రమే కూలీల లారీ ఎక్కి వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళారో ఎవరికీ తెలీదు.”

“ఏమన్నారు? నీకు తెలుసా?”

హనుమయ్య తల దించుకున్నాడు.

“‘రాజ్యం, వెళ్ళొస్తా’ అన్నారటండి. అమ్మగారి పేరు తన నోటితో ఎలా అనేదని బస్సెక్కేదాకా మథనపడి, ఆ పేరొక్కటీ వదిలేసి తక్కిన మాట చెప్పి వస్తానంది కనకమ్మ.”