సకలం బజార్‌లో గిరాకీ

"రేపు పెద్దసారు వస్తున్నారు. షాపులో జనం కనిపిస్తే షాపు ఉంటుంది. లేదంటే తాళమే."

హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఫోను అంతే. కొండల్ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. సకలం బజార్ ఇబ్రహీంపట్నం బ్రాంచికి ఆయన మేనేజరు. ఊడ్చేవాళ్లు మానేశాక చీపురు కూడా ఆయన హోదాలోనే చేరింది.

సకలం అంటే ఒకప్పుడు మామూలు సకలమా! జిల్లాలో ఏ మలుపు తిరిగినా వాళ్ల బోర్డే. ఇక్కడ తెరిచిన నాడు, లోపల చల్లగా గుడిలా ఉందని జనం చెప్పులు బయటే విడిచారు. ఆ చెప్పుల గుట్ట బస్సు డిపో దాకా పాకి, సాగర్ బస్సులు చుట్టు తిరిగి పోయాయట. కదిలే మెట్లెక్కిన ఒక ముసలమ్మ దిగడం తెలియక పైనే ఉండిపోతే, బతుకమ్మ పండక్కి ఇంటివాళ్లు చీర పైకే పంపారట. నమ్మనివాళ్లు రావిర్యాల పోయి అడగవచ్చు, ఆమెది ఆ ఊరే.

ఇప్పుడా మెట్లు కదలవు. సరుకూ కదలదు. ఫోన్లో నొక్కితే ఉప్పు పొట్లం కూడా గుమ్మంలోకి వస్తుంటే, ఎండలో ఎవరొస్తారు? జిల్లాలో బోర్డులన్నీ దిగిపోయి ఇదొక్కటే మిగిలింది. అరల్లో ఫినాయిల్ సీసాలు మాత్రం సైన్యంలా నిలబడ్డాయి. నిండుగా కనబడాలని సీసాకూ సీసాకూ మధ్య జానెడు ఎడం.

కొండల్‌కు యాభై దాటాయి. షాపు పోతే ఈ వయసులో పిలిచి కుర్చీ వేసేవాడు లేడు. పిల్లల చదువులు నడిమధ్యలో ఉన్నాయి. చీపురు గోడకు ఆనించి, భూలక్ష్మికి ఫోన్ చేశాడు.

ఆ చుట్టుపక్కల ఏ పార్టీ మీటింగు పెట్టినా మనుషుల్ని పంపేది భూలక్ష్మే. పొద్దున ఒక జెండా కింద, సాయంత్రం ఇంకో జెండా కింద, అవే ముఖాలు, అదే ఉత్సాహం.

"అక్కా, రేపటికి జర జనం కావాలె."

"ఏ పార్టీ అన్నా?"

"పార్టీ కాదు, మా షాపు. గిరాకి లెక్క తిరగాలె."

"జెండాలు మీవా, మావా?"

"జెండాలెందుకక్కా! బుట్టలు పట్టుకోవాలె, ధరలడగాలె."

"ధరలడుగుడా? మావోళ్లకు గా అలవాటు లేదే. సరే, నేర్పిస్త తియ్యి."

మర్నాడు పొద్దున్నే లారీలో జనం దిగారు. దిగినవాళ్లు దిగినట్టే లోపలికి వచ్చి, క్యాష్ కౌంటరుకు ఎదురుగా నేల మీద వరుసలు కట్టి కూర్చున్నారు. కౌంటర్లో ఉన్న అరుణ లేచి దండం పెట్టాలో వద్దో తెలియక సగం లేచింది.

"లేవుండ్రి, లేవుండ్రి! సామాన్లు చూడుండ్రి!" అని కొండల్ చేతులు ఊపాడు.

నాగులమ్మ అనే పెద్దావిడ బుట్ట అందుకుని, "కొడుకా, నవ్వాల్నా, ఊకె నడవాల్నా?" అని అడిగింది.

"ఊకె నడువమ్మా. జర ఇష్టంగ నడువు."

ఆమె ఫినాయిల్ సీసాల వైపు ఎంతో ఇష్టంగా నడిచింది.

ఇంతలో కారు ఆగింది. పెద్దసారు దిగారు. మే నెల ఎండలో కోటు, మెడకు టై. కొండల్ ఆయన్ను ఎన్నడూ చూడలేదు. బ్రాంచి మేనేజర్లకు దర్శనమిచ్చేంత చిన్నవాడు కాడు మరి. కొండల్ స్టాకు కాగితాలు చాపితే ఆయన పక్కకు నెట్టేశాడు.

"కాగితాలు ఎందుకయ్యా? జనమే నా కాగితం!"

చదువుకున్న మనిషి మాటే వేరు అనుకున్నాడు కొండల్.

పెద్దసారు అరల వైపు చూడలేదు. బిల్లింగు ఎంతని అడగలేదు. తిన్నగా కదలని మెట్లెక్కి, మైకు ఏదీ అన్నట్టు చుట్టూ చూసి, గొంతు సవరించుకున్నాడు. గొంతు వినబడగానే జనమంతా బుట్టలు పక్కన పెట్టి టక్కున కింద కూర్చున్నారు. కొండల్ గుండె కూడా వాళ్లతో పాటే కూర్చుంది.

"ఈ గడ్డ మీద అడుగు పెడితే నా ఒళ్లు పులకరిస్తోంది!"

చప్పట్లు. ఆయన ఊపిరి తీసుకునే ప్రతి చోటా చప్పట్లు సరిగ్గా పడుతున్నాయి, ఏళ్ల తరబడి కలిసి కచేరీ చేసినట్టు. నాగులమ్మ ఉండబట్టలేక పిడికిలెత్తింది.

"పెద్దసారు నాయకత్వం!"

"వర్ధిల్లాలె!"

అయిపోయింది, దొరికిపోయాం అని కొండల్ కళ్లు మూసుకున్నాడు. కానీ పెద్దసారు రెండు చేతులూ పైకెత్తి అందరికీ దండం పెట్టాడు.

"సకలం బజార్ మూతపడే ప్రసక్తే లేదు! నా కంఠంలో ప్రాణం ఉండగా లేదు!"

కొండల్ కళ్లు తుడుచుకున్నాడు. పెద్దసారును మేనేజరు గదిలో, షాపు మొత్తానికి పనిచేస్తున్న ఒకే ఒక్క ఏసీ కింద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి బయటికొచ్చాడు.

అరుణ గుసగుసగా అంది. "అన్నా, అంత పెద్ద సారు గీ జనం ఎవలో గుర్తుపట్టకపాయె!"

"పెద్దోళ్లు గట్లనే ఉంటరు చెల్లె. కింద ఏం నడుస్తుందో వాళ్లకేం ఎర్క?" కొండల్ మీసం దువ్వుకున్నాడు. "హెడ్డాఫీసునే బురిడీ కొట్టిచ్చిన. ఇగ మనకేం ఫికర్ లేదు."

అప్పుడే ఫోన్ మోగింది. భూలక్ష్మి.

"కొండలన్నా, గా కోటాయనను జర జల్ది తోలియ్యి, మీ హెడ్డాఫీసోళ్లు నా దగ్గర పొద్దటి పూటకే కిరాయికి మాట్లాడుకున్నరు, మాపటికి బాలాపూర్ సభల ఆయనే ముఖ్య అతిథి."