నల్లమూతి ముక్కు

వానలు మొహం చాటేసిన మెట్ట సీమలో రెండు గొర్రెలు ఒకే రోజు ఈనాయి. తెల్లచెవికి కవలలు, నల్లమూతికి ఒక్కటే.

"మా అమ్మా కవలల్నే కన్నది, నేనూ అంతే. మీ వంశంలో ఒక్కటి దాటదేం వదినా?" అంది తెల్లచెవి.

నల్లమూతికి మనసు చివుక్కుమంది. "ఎండుగడ్డి తిని ఒక్కదాన్ని సాకడమే మాకు చేతనవును," అంది.

ఎండలు ముదిరి బీడంతా మాడిపోయింది. తెల్లచెవి పొదుగులో పాలు ఒక పిల్లకే చాలడం లేదు. రెండోది ఆకలికి తాళలేక నల్లమూతి పొదుగు వెతుక్కుంటూ వచ్చింది.

ఏ గొర్రైనా వాసన పట్టి తన పిల్లకే పాలిస్తుంది. నల్లమూతి మూచూసింది. తనది కాదు. కుమ్మబోయి, దాని వణికే కాళ్లు చూసి ఆగిపోయింది.

"అమ్మా, అది నేను కాదే!" అని అరిచింది సొంతపిల్ల.

"దుమ్ముకి ముక్కు పట్టేసింది తల్లీ, వాసనే తెలియట్లేదు. నువ్వు ఇటుపక్క తాగు," అంటూ నల్లమూతి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది.

తెల్లచెవి మెల్లగా వచ్చి, వదినకు ఎండ తగలకుండా అడ్డంగా నిలబడింది.