అర్థం కాని మాస్టారు

2025 మే 19, సోమవారం. నందిగామలోని ఒక ఉన్నత పాఠశాల. హాజరైనవారు: జగ్గయ్యపేట వైపు నుంచి పద్నాలుగు మంది ఉపాధ్యాయులు, నందిగామ వైపు నుంచి పదహారు మంది, వారికి కంప్యూటర్ పాఠాలు చెప్పడం నేర్పేందుకు వచ్చిన కల్యాణ్.

చివరి బల్ల మీద మరొక పెద్దాయన కూర్చున్నాడు.

జగ్గయ్యపేట వారు ఆయనను నందిగామ మాస్టారనుకున్నారు. నందిగామ వారు జగ్గయ్యపేట మాస్టారనుకున్నారు. పేరు ఎవరూ అడగలేదు.

ఆయన పక్కన కూర్చున్నది ప్రమీలారాణి, వత్సవాయి దగ్గరి పల్లెలో లెక్కల టీచరు. వారి బడికి వచ్చిన పది కంప్యూటర్లు ఏడాదిగా తాళం వేసిన గదిలో ఉన్నాయి. శుక్రవారం ప్రతి ఒక్కరూ ఒక పాఠం చెప్పి చూపాలి. నెగ్గినవారి బడిలోనే కంప్యూటర్ గది తెరుస్తారు.

మొదటి గంటలోనే కల్యాణ్ శిక్షణ పుస్తకం చూసి బోర్డు మీద రాశాడు: ఎక్స్ = ఎక్స్ + 1.

ప్రమీలారాణి చేతిలో కలం ఆగిపోయింది. అటువంటి వరుస రాసిన పిల్లలకు ఆమె ముప్పై ఏళ్లుగా సున్నా వేస్తూ వచ్చింది.

"అర్థమైందా అండి?"

ముప్పై తలలూ ఊగాయి. తెలియనిది అడగమని పిల్లలను ఏడాది పొడవునా గదిమేవారు, సాటి ఉపాధ్యాయుల ముందు తాము మాత్రం అడగరు.

పెద్దాయన ఆగిన కలం వైపు ఒకసారి చూసి, లేచి నిలబడ్డాడు.

"నాకు అర్థం కాలేదండి. ఎక్సు, ఎక్స్ ప్లస్ ఒకటికి ఎట్టా సమానమవుద్ది?"

గదంతా నవ్వింది.

"రిటైరయ్యే ముందు మీకెందుకు మాస్టారూ ఈ తిప్పలు?" అన్నాడు జగ్గయ్యపేట థామస్.

పెద్దాయనా నవ్వాడు. కూర్చోలేదు.

కల్యాణ్ మళ్లీ చెప్పాడు. ఆయన మళ్లీ అర్థం కాలేదన్నాడు. మూడోసారి కల్యాణ్ విసుగ్గా బోర్డు వైపు తిరిగాడు. సెలవుల ముందు ఎవరో రాసిన హాజరు అంకె మూలన అలాగే ఉంది: 41.

"లేటుగా ఇంకో పిల్లోడొచ్చాడనుకోండి. ఏం చేస్తారు?"

"చెరిపి నలభై రెండు వేస్తాం," అన్నది ప్రమీలారాణి, తనకు తెలియకుండానే.

"అదేనండి. హాజరు అన్న పేరు మారదు, అందులో అంకె మారుద్ది. ఇక్కడ సమానమని చెప్పట్లేదు, కొత్త అంకె వేసుకోమంటున్నాం."

ఆమె కలం కదిలింది.

"ఇప్పుడు తెలిసిందండి," అని పెద్దాయన కూర్చున్నాడు.

నాలుగు రోజులూ ఇదే వరస. ఆమె కలం ఆగిన చోటల్లా ఆయన లేచాడు. బుధవారానికి 'అర్థం కాని మాస్టారు' అన్న పేరు స్థిరపడింది. ఆయన వల్ల సగం పాఠాలు మిగిలిపోయేలా ఉన్నాయని భోజనాల దగ్గర కల్యాణ్ వాపోయాడు.

గురువారం ప్రమీలారాణి ఆయనకు మజ్జిగ గ్లాసు అందించింది.

"మీరు అడగబట్టి నాకూ తెలుస్తోందండి."

"అడగటానికి నాకు సిగ్గు లేదులేమ్మా," అన్నాడాయన.

శుక్రవారం ఆమె పాఠం చెప్పింది. తడబడుతూ మొదలుపెట్టి, నవ్వుతూ ముగించింది. మధ్యలో థామస్ చేయెత్తి, తనకు అర్థం కాలేదన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆమె మరోలా చెప్పింది.

నెగ్గింది.

ఆ మాట చెబుదామని చివరి బల్ల వైపు తిరిగితే అక్కడ ఎవరూ లేరు. ఆయన మధ్యాహ్నమే విజయవాడ బస్సెక్కాడట.

ఆయన సర్టిఫికెట్ ఎవరికిచ్చి పంపాలా అని కల్యాణ్ రెండు ఊళ్ల జాబితాలూ వెతికాడు. ముప్పై పేర్లకూ ముప్పై మంది ఎదుటే ఉన్నారు. బల్ల మీద మాత్రం ఆయన పెట్టి వెళ్లిన కాగితం ఉంది. ప్రమీలారాణి పక్కన నిలబడగా, కల్యాణ్ దానిని చదివాడు.

'శిక్షణ పుస్తకంలో తిరిగి రాయవలసిన చోట్లు పందొమ్మిది. నా పక్కన కూర్చున్న టీచరు తెలివైనది. ఆమె ఆగిన ప్రతిచోటా తప్పు పుస్తకానిదే.'

కింద సొలొమోను అని సంతకం.

కల్యాణ్ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి శిక్షణ పుస్తకంలో దాచి మూసినప్పుడు, అట్ట మీద రచయిత పేరు ఇద్దరికీ ఒక్కసారే కనిపించింది: సొలొమోను.