గోడ మందం

“తలుపు వేసి కూర్చోండి సార్,” అంది సైబర్ సెక్యూరిటీ హెడ్, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

ఇంజనీరు తలుపు వేశాడు. పైపుల ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని కొలతల పంతులు అంటారు. చొక్కా జేబులో పెన్ను పెట్టుకోవడం మర్చిపోతాడేమో గానీ, మందం కొలిచే వెర్నియర్ మాత్రం మర్చిపోడు.

ఆమె హెడ్డాఫీసు నుంచి వచ్చి వారం కాలేదు. ఆయన కూతురి వయసుంటుంది. అయినా ఆమె పిలిచిందంటే మేనేజర్లకే చెమటలు పడుతున్నాయి. ఆమె బ్యాగుకు గ్యాస్ పైపుల పసుపురంగు ప్లాస్టిక్ పొట్టు అంటుకుని ఉంది. మెషిన్ దాకా వెళ్లి కూపీ లాగిందన్నమాట, అనుకున్నాడాయన.

“గ్యాస్ పైపు మెషిన్ సెట్టింగు ఎవరో మారుస్తున్నారు. ఓనరుగారు ఖర్చు కలిసొస్తుందని తన గదిలోంచి పైపు మందం తగ్గిస్తున్నారు. ఆయన అటు తిరగ్గానే అది మళ్లీ పెరిగిపోతోంది. బయటివాళ్లెవరో సిస్టమ్‌లో దూరారని ఆయన అనుమానం.”

“అలాగా!” అన్నాడు ఏమీ ఎరగనట్టు.

“దూరినవాళ్లు మీ పాస్‌వర్డ్‌తోనే దూరారు. అది ఎక్కడైనా రాసి పెట్టారా?”

“మెషిన్ డోరు లోపల అంటించానమ్మా. పైపు కొలతలైతే నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ పాస్‌వర్డ్‌లే నా బుర్రకెక్కవు.”

“చూశాను,” అంది. నవ్వలేదు.

బల్ల మీదున్న పైపు ముక్కను వేలితో తడిమింది. “దీని గోడ ఎంత మందం ఉండాలి?”

“పైపు మీద ఎంత అని అచ్చు వేశామో అంత.”

“తగ్గితే?”

తగ్గితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. పరీక్షకు పంపే ముక్కలు సరైన మందంతో ఏరి పంపుతారు కాబట్టి ఎలాగూ లక్షణంగా ఉంటాయి. ఆ తర్వాత ఎప్పుడో, ఏ వీధిలోనో, ఎవరి వంటింటి గోడ కిందో పైపు చీలుతుంది. ఆ ఊహ వచ్చినప్పటి నుంచి ఆయనకు అన్నం సహించడం లేదు.

ఇంతలో ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ పెట్టింది.

“దొంగ దొరికాడా?” అన్నాడు ఓనరు.

“దగ్గరకి వచ్చేశానండీ.”

“దొరకనీ, చెబుతాను! మెడపట్టి గెంటడమే కాదు, ఇంకెక్కడా ఉద్యోగం పుట్టకుండా చేస్తాను. ఇవాళ తేలిపోవాలి.”

ఫోన్ పెట్టేశాడు. ఇంజనీరు వయసంతా ఈ పైపుల మధ్యే కరిగిపోయింది. ఈ వయసులో ఇంకెవరు పని ఇస్తారు? భయం వేసింది. కానీ బుకాయించడం ఆయనకు చేతకాదు. వెర్నియర్ తీసి బల్ల మీద పెట్టాడు.

“నేనేనమ్మా. పైన ఒక మందం అచ్చు వేసి, ఇంకో మందం పంపడం నా వల్ల కాదు. ఆయన తగ్గించినప్పుడల్లా పెంచేది నేనే. తీసేస్తే తీసెయ్యమను.”

“ప్రతిసారీ మీరేనా?”

“ప్రతిసారీ నేనే.”

“మొన్న మీరు పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టారు కదా. ఆ రోజు కూడా మందం పెరిగింది.”

ఆయన తెల్లబోయాడు. సెలవు నుంచి రాగానే ఆ రోజు పైపులే ముందు కొలిచాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఓనరుకే పాపభీతి పుట్టిందేమోనని మురిసిపోయాడు కూడా.

“మరి... మొన్నెవరు?”

ఆమె లేచి వెళ్లి, తలుపు గడియ పడిందో లేదో చూసి వచ్చింది. లాప్‌టాప్ మూసేసి, వెర్నియర్‌ను తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

“మొన్న పెంచింది నేనే సార్.”